ఆనకట్ట గోడ ఎక్కింది ఎవరు? ఆల్ప్స్ కొండమేక రెండు బతుకులు

ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. గోడలా లేచిన రాతి ఆనకట్ట, దాని మీద బల్లుల్లా అతుక్కుని ఓ డజను మేకలు. జారితే ఎముక కూడా దక్కదు. ఎవరో ఎడిటింగ్ చేసి పెట్టారని కొందరంటారు, భూమ్యాకర్షణ వీటికి వర్తించదని ఇంకొందరు ఆశ్చర్యపోతారు. పదేళ్లకు పైగా అది ఫోన్ల మధ్య తిరుగుతూనే ఉంది. ఫొటో నిజమైనదే. ఇటలీ ఉత్తరాన, పీడ్‌మాంట్ ప్రాంతంలోని అంత్రోనా లోయలో చింజీనో అనే ఆనకట్ట అది. ఎత్తు దాదాపు 50 మీటర్లు. ఆ మేకలు ఆల్ప్స్ పర్వతాల్లో ఉండే అడవిమేకలు, ఐబెక్స్‌లు.

అయితే ఆ ఫొటోలో లేనిదేమిటో కూడా చూడాలి. ఐబెక్స్ అనగానే బొమ్మల్లో, బోర్డుల మీద కనిపించేది వెనక్కి వంపు తిరిగిన బారెడు కొమ్ముల మగ జంతువు. స్విట్జర్లాండ్‌లోని గ్రావుబ్యూండెన్ రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ అదే. ఆనకట్ట మీద మాత్రం దాని జాడ దాదాపుగా ఉండదు. అక్కడున్నవి పొట్టి కొమ్ములవి. తల్లులు, పిల్లలు, ఇంకా ఒళ్లు చేయని కుర్ర పోతులు. మనం ఒక్క జంతువనుకుంటున్న దాంట్లో రెండు వేర్వేరు బతుకులు ఉన్నాయి. వాటిని కలిపేసి చూడటం వల్లే ఈ మేక గురించి ఇన్ని అపోహలు పుట్టాయని నాకనిపిస్తుంది.

ముందు పేరు సంగతి. జర్మన్‌లో దీన్ని ‘ష్టైన్‌బాక్’ అంటారు. ష్టైన్ అంటే రాయి, బాక్ అంటే మేకపోతు. తెలుగులో చెప్పుకుంటే రాతిపోతు. మనం మొసలిగా ఊహించుకునే మకర రాశిని జర్మన్‌లో పిలిచేదీ ఇదే పేరుతో. శాస్త్రీయ నామం కాప్రా ఐబెక్స్. ఇంటి మేకకు దగ్గరి చుట్టమే గానీ దాని పూర్వీకుడు కాదు. మన పెంపుడు మేక దాదాపు పదివేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో బెజోవర్ అనే వేరే అడవిమేక నుంచి వచ్చింది. లద్దాఖ్, స్పితి కొండల్లో కనిపించే హిమాలయ ఐబెక్స్‌ను ఒకప్పుడు ఆల్ప్స్ ఐబెక్స్‌తో కలిపి ఒకే జాతిగా రాసేవారు, ఇప్పుడు వేరు జాతి అంటున్నారు. ఇక ‘కొండమేక’ పేరుతో నెట్‌లో తిరిగే తెల్లటి బొచ్చు జంతువు ఉత్తర అమెరికాది. పేరుకే మేక, అసలు ఈ కుటుంబంలో అది మరో కొమ్మ. ఆల్ప్స్‌లో కనిపించే షామీ అనే ఇంకో జంతువును కూడా చాలామంది ఐబెక్స్ అనుకుంటారు. దాని కొమ్ములు చిన్నగా, కొక్కెంలా ఉంటాయి, ఒళ్లు కూడా నాజూకు. ఒక్కసారి తేడా చూస్తే మళ్లీ పొరబడరు.

గోడ మీద ఏముంది?

ఉప్పు ఉంది. విషయం అంతకన్నా పెద్దదేం కాదు.

వసంతంలో మొలిచే లేత గడ్డిలో నీరు, పొటాషియం దండిగా ఉంటాయి, సోడియం మాత్రం నామమాత్రం. ఒంట్లోకి చేరిన పొటాషియాన్ని బయటికి పంపే క్రమంలో ఉన్న కాస్త సోడియం కూడా పోతుంది. గడ్డి తిని బతికే జంతువులన్నిటికీ ఈ తిప్పలు ఉన్నవే. పాలిచ్చే తల్లికి ఇంకా ఎక్కువ, ఎందుకంటే పాలతో పాటు లవణాలూ వెళ్లిపోతాయి. ఎదిగే పిల్లకు ఎముకలకు సున్నం కావాలి. ఆనకట్ట రాళ్ల మధ్య అతుకుల్లోంచి నీరు చెమర్చినప్పుడు లవణాలు పైకి ఉబికి గోడ మీద పేరుకుంటాయి. మేకలు వాటిని నాకడానికి ఎక్కుతాయి. ఆల్ప్స్‌లో సహజంగా ఉప్పు ఊరే రాళ్ల దగ్గరికీ ఇవి ఇలాగే వస్తాయి. మనిషి తన అవసరానికి కట్టుకున్న గోడ వీటికి పెద్ద ఉప్పురాయి అయింది.

మరి నిలబడటం ఎలా? ఫొటోలో కనిపించినంత నునుపుగా ఆ గోడ ఉండదు. పైకి పోయే కొద్దీ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, రాళ్ల అంచులు అక్కడక్కడా ముందుకు పొడుచుకు వస్తాయి. మిగతా పని గిట్టది. ఐబెక్స్ గిట్ట రెండు వేళ్లుగా చీలి ఉంటుంది, ఒక్కో వేలూ విడివిడిగా కదులుతుంది. అంచు గట్టిగా, పదునుగా ఉండి రాతి మొనను పట్టుకుంటుంది. లోపలి భాగం రబ్బరులా మెత్తగా ఉండి రాతి ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు అణిగి జారకుండా ఆపుతుంది. గిట్టల వెనక కొంచెం పైన ఉండే రెండు చిన్న వేళ్లు కిందికి దిగేటప్పుడు బ్రేకుల్లా పనికొస్తాయి. కాళ్లు పొట్టి, ఒళ్లు గట్టి. అందువల్ల బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది.

ఇదంతా మగదానికీ ఉంది కదా, అదెందుకు ఎక్కదు? ఇక్కడ లెక్క మారుతుంది. ఎదిగిన పోతు వంద కిలోల దాకా తూగుతుంది, ఆడది అందులో ఇంచుమించు సగం. ఒక జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపయితే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. గిట్ట ఆనే చోటు మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అంటే ఒళ్లు పెరిగే కొద్దీ ప్రతి గిట్ట మీదా భారం పెరుగుతుంది. వేలెడంత రాతి అంచు మీద నలభై, యాభై కిలోల తల్లి నిలబడగలదు, పదిహేను కిలోల పిల్ల గెంతగలదు. వంద కిలోల పోతుకు ఆ అంచు చాలదు. పైగా పోతు ఈనాలా, పాలివ్వాలా? ఆ గోడ మీద దానికి అంత అవసరమూ లేదు. కొండ చరియలు ఎక్కడంలో పోతులు ఏమాత్రం తక్కువ తినలేదు. కానీ ఇలాంటి గోడలు ఆడవాటి ఇలాకా.

ఒకే కొండ, రెండు కాపురాలు

ఏడాదిలో ఎక్కువ భాగం ఐబెక్స్ ఆడవీ మగవీ కలిసి ఉండవు. తల్లులు, పిల్లలు ఒక మంద. పోతులన్నీ ఇంకో మంద. వేసవిలో పోతులు విశాలమైన పచ్చికల్లోకి, గడ్డి మేలుగా ఉన్న చోటికి వెళ్తాయి. ఆడవి మాత్రం గడ్డి పల్చగా ఉన్నా సరే, కొండ చరియలను విడిచి దూరం పోవు.

పిల్ల ప్రాణం కోసమే ఇదంతా. గద్దజాతిలో పెద్దదైన బంగారు డేగ చిన్న పిల్లను ఎత్తుకుపోగలదు. నక్క, లింక్స్ పిల్లి, తోడేలు ఉండనే ఉన్నాయి. తల్లి మే, జూన్ నెలల్లో మనుషులూ మృగాలూ చేరలేని చరియలో ఒంటరిగా ఈనుతుంది. సాధారణంగా ఒక్కటే పిల్ల, కవలలు అరుదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిల్ల తల్లి వెంట రాళ్ల మీద నడుస్తుంది. ఆపద పసిగడితే పెద్దవి ముక్కుతో ఈలలాంటి చిన్న శబ్దం చేస్తాయి. మరుక్షణం మంద మొత్తం చరియ మీదికి చేరి కదలకుండా నిలబడుతుంది. జింకలా మైళ్ల దూరం పరుగెత్తదు. నాలుగు కాళ్లతో పరుగెత్తే శత్రువు రాలేని చోటికి నాలుగు గెంతుల్లో చేరి, అక్కడి నుంచి కిందికి చూస్తూ ఉంటుంది. ఆ నిలబడటాన్ని గుర్తు పెట్టుకోండి, ఈ జాతి మొత్తాన్నీ దాదాపు తుడిచిపెట్టింది అదే.

పోతుకు ఆ భయం తక్కువ. వంద కిలోల ఒంటిని, తల మీద మీటరు పొడవు కొమ్ముల్ని చూసి డేగ దిగదు. దాని బెంగల్లా మేత గురించే. పెద్ద ఒంటికి పెద్ద మేత కావాలి. అందుకే చరియకు కాస్త దూరమైనా గడ్డి ఎక్కువున్న చోటు దానికి లాభం.

చూపుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. వేసవిలో పోతు ఒంటి రంగు బూడిద కలిసిన గోధుమ, చలికాలానికి ముదురు చాక్లెట్ రంగు. ఆడదాని ఒళ్లు లేత గోధుమ రంగులో ఉండి రాళ్లలో కలిసిపోతుంది. గడ్డం పోతుకే ఉంటుంది, అదీ ఇంటి మేకపోతు గడ్డమంత ఘనంగా ఏమీ ఉండదు. వసంతంలో చలికాలపు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడుతున్నప్పుడు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ తిరిగే ఐబెక్స్‌ను చూస్తే, ఇదేనా ఆ రాజముద్ర మీది జంతువు అనిపిస్తుంది. చిరిగిన కంబళి కప్పుకున్నట్టు ఉంటుంది పాపం.

కొమ్ము చెప్పే వయసు

జింక కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. మేకవి అలా కావు. లోపల ఎముక, దాని మీద మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారైన తొడుగు. అది బతికినంత కాలం తల దగ్గరి మొదట్లో పెరుగుతూనే ఉంటుంది, పాత కొమ్ము చివరకు జరుగుతుంది. అంటే కొమ్ము కొసన ఉన్నది పిల్లగా ఉన్నప్పటి భాగం, తలకు ఆనుకుని ఉన్నది ఈ ఏటిది.

పోతు కొమ్ము ముందు వైపు లావాటి కణుపులు వరుసగా ఉంటాయి. ఆ కణుపుల్ని లెక్కపెట్టి వయసు చెప్పేస్తారు చాలామంది. ఒక ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ కణుపులు రావచ్చు కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. అసలు గుర్తు కొమ్ము పక్కన, వెనక వైపు ఉండే సన్నటి గీత. చలికాలంలో మేత లేక కొమ్ము పెరగడం ఆగిపోతుంది, వసంతంలో మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగిన చోట గీత పడుతుంది. చెట్టు మొదట్లో వలయాల్లాగా, ఏడాదికి ఒకటి. రెండు గీతల మధ్య దూరం ఎక్కువుంటే ఆ ఏడాది వసంతం త్వరగా వచ్చి మేత బాగా దొరికిందన్న మాట. వేటాడిన పోతుల కొమ్ముల్ని స్విట్జర్లాండ్‌లో దశాబ్దాలుగా కొలిచి రాసిపెట్టారు. వాతావరణం మీద పనిచేసేవాళ్లకు ఇప్పుడు ఆ పుస్తకాలు పాత డైరీల్లా పనికొస్తున్నాయి.

మొదటి నాలుగైదేళ్లలో కొమ్ము గబగబా పెరుగుతుంది, తరవాత ఏటేటా తగ్గుతుంది. ఆడదాని కొమ్ము మాత్రం ముప్పై సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. చాకులా సన్నగా, నునుపుగా ఉంటుంది.

ఆ పెద్ద కొమ్ములు ఎందుకు? పూర్వం యూరప్‌లో ఒక నమ్మకం ఉండేది. ఐబెక్స్ ఎత్తు నుంచి దూకి కొమ్ముల మీద పడుతుందట, అవి స్ప్రింగుల్లా దెబ్బ కాస్తాయట. వినడానికి బాగుంది. అలా దూకిన మేక మెడ విరిగి చస్తుంది. తోడేలుతో పోరాడటానికి అనుకుంటే, ఎక్కువ అపాయంలో ఉండేది తల్లీపిల్లలు, వాటికేమో కొమ్ములు చిన్నవి. కాబట్టి ఆ కొమ్ములు శత్రువు కోసం పెరిగినవి కావు. సాటి పోతు కోసం పెరిగినవి.

పోట్లాట వేసవిలో, పెళ్లి చలికాలంలో

పొట్టేళ్లు దూరం నుంచి పరుగున వచ్చి ఢీకొంటాయి. ఐబెక్స్ పోతులు వేరే పద్ధతి. ఒకటి వెనక కాళ్ల మీద నిటారుగా లేచి, మెడ పక్కకు తిప్పి, మొత్తం బరువుతో కిందికి వాలుతుంది. రెండోది కింద నుంచి కొమ్ములతో ఆ దెబ్బ కాసుకుంటుంది. ఆ చప్పుడు లోయ అవతలికి కూడా వినిపిస్తుంది. వాలులో పైన నిలబడిన దానికి మొగ్గు ఉంటుంది. అందుకే అసలు కుమ్మడం కన్నా పై చోటు కోసం జరిగే కదలికలే ఎక్కువ. ప్రాణాల మీదికి వచ్చేది అరుదు.

విచిత్రం ఏమిటంటే ఈ పోట్లాటలు ఎక్కువగా జరిగేది వేసవిలో. జత కట్టేదేమో డిసెంబరు, జనవరిలో. దగ్గర లేని ఆడవాటి కోసం వేసవిలోనే కుమ్ముకోవడం ఏమిటి?

మేత దండిగా ఉన్నప్పుడు, కాలు జారినా పడేది పచ్చిక మీదే అయినప్పుడు, ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది తేల్చుకుంటాయి. పోతుల మంద అంతా ఒకరినొకరు ఎరిగినదే. కొమ్ము పొడవు వయసుతో పెరుగుతుంది కనుక, చాలాసార్లు చూపుతోనే తీర్పు అయిపోతుంది. దగ్గరి జోడీల మధ్యే బల పరీక్ష. చలికాలం వచ్చేసరికి వరుస ఖాయమై ఉంటుంది. మంచు గడ్డకట్టిన చరియ మీద, మేత లేని రోజుల్లో, ఒంట్లో కొవ్వు కరుగుతున్నప్పుడు మళ్లీ కొట్టుకోవాల్సిన పని చాలా వరకు తప్పుతుంది. ఎద కాలంలో పోట్లాటలే ఉండవని కాదు, ఉంటాయి. బాకీలన్నీ అక్కడే తీర్చుకునే పరిస్థితి మాత్రం ఉండదు.

డిసెంబరులో పోతులు ఆడ మందల దగ్గరికి వస్తాయి. మెడ ముందుకు సాచి, తల వంచి, తోక వీపు మీదికి ఎత్తి, నాలుక ఆడిస్తూ ఆడదాని చుట్టూ తిరుగుతాయి. మనకు నవ్వొస్తుంది గానీ వాటికి అది మహా సీరియస్ వ్యవహారం. వరుసలో పై మెట్టున ఉన్న పెద్ద పోతు ఎదకు వచ్చిన ఆడదాన్ని అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది. కుర్రవాటికి ఆ బలం లేదు, వాటిది ఇంకో దారి. దూరంగా పొంచి ఉండి, ఆడది పరుగు తీసిన క్షణంలో కాపలా తప్పించి వెంటపడతాయి. ఎక్కువసార్లు లాభం పెద్దదానికే, కానీ కుర్రవాటికి ఎప్పుడో ఒకసారి పాచిక పారుతుంది.

ఈ లెక్క వల్ల పోతుల బతుకు తీరే మారిపోయింది. చాలా జంతువుల్లో మగవి చిన్న వయసులోనే తెగించి పోరాడి, త్వరగా అరిగిపోతాయి, ఆడవాటికన్నా ముందే పోతాయి. ఐబెక్స్ పోతు అలా తొందరపడదు. పదేళ్లు వచ్చే దాకా ఒళ్లు పెంచుకుంటూనే ఉంటుంది. తన వంతు వచ్చేది ముదిరాకే అని తెలిసినట్టు ఓపిక పడుతుంది. ఫ్రాన్స్, ఇటలీల్లో గుర్తులు వేసి ఏళ్ల తరబడి గమనించిన మందల్లో నడివయసు పోతులు ఆడవాటికి దీటుగా బతికి బయటపడ్డాయి. ఇంత పెద్ద కొమ్ములున్న జంతువు ఇంత జాగ్రత్తపరుడంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు.

గుండెను నెమ్మదించి

చలికాలం వస్తే చాలా కొండ జంతువులు కిందికి, అడవిలోకి దిగిపోతాయి. ఐబెక్స్ దిగదు. పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు కాబట్టి లోతైన మంచులో కూరుకుపోతుంది. అందుకని ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో, మంచు నిలవకుండా జారిపోయేంత నిటారు చోట్లు వెతుక్కుంటుంది. అక్కడ ఎండిన గడ్డి పోచలు తింటూ నెలలు నెట్టుకొస్తుంది. మంచు జారే వాలులో ఉండటమంటే హిమపాతం కింద ఉండటమే కదా. ఆ మంచు పెళ్లల కింద పడి చచ్చేవి ఏటా ఉంటాయి. 1986 నుంచి ఆల్ప్స్‌లో మళ్లీ వదులుతున్న గడ్డపు రాబందుకు ఆ ఎముకలే తిండి.

2011లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చలికాలపు గుట్టు విప్పింది. వియన్నా పరిశోధకులు ఐబెక్స్‌ల ఒంట్లో చిన్న పరికరాలు పెట్టి గుండె వేగం, ఒంటి వేడి కొలిచారు. నిండు వేసవితో పోలిస్తే చలికాలం చివర్లో గుండె వేగం సగానికంటే కిందికి పడిపోతోంది. ఎలుగుబంటిలా నిద్రపోవడం కాదిది. మేక మెలకువగానే ఉంటుంది, ఒంట్లో పొయ్యి మాత్రం సన్నమంట మీద పెట్టినట్టు. రాత్రి కాస్త చల్లబడిన ఒంటిని పొద్దున సొంత కొవ్వు కరిగించి వేడెక్కించుకోవడం దండగ. అందుకే సూర్యుడు రాగానే రాతి మీద అడ్డంగా నిలబడి ఎండ కాచుకుంటుంది. పొద్దున పూట బద్ధకంగా నిలబడినట్టు కనిపించే మేక నిజానికి ఆ రోజు ఖర్చు మిగుల్చుకుంటోంది.

నిలబడ్డ చోటే కాల్చారు

తోడేలుకు అందని చరియ మీద కదలకుండా నిలబడటం లక్షల ఏళ్లు పనిచేసింది. తుపాకీ వచ్చాక అదే శాపమైంది. పారిపోకుండా, బొమ్మలా నిలబడి చూసే జంతువును గురి చూసి కొట్టడం ఎంత పని?

మనిషి దీన్ని వేటాడటం కొత్తేమీ కాదు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి ఓట్జీ అనే మనిషి కడుపులో ఐబెక్స్ మాంసం బయటపడింది. కానీ ఊడ్చిపెట్టుకుపోవడానికి తుపాకీతో పాటు మూఢనమ్మకమూ కలిసొచ్చింది. కొమ్ము పొడి, నెత్తురు, కడుపులో గట్టిపడ్డ ఉండ, గుండెలో ఉండే చిన్న ఎముక, అన్నీ మందులే అని జనం నమ్మారు. నడిచే మందుల కొట్టు అయింది పాపం. 19వ శతాబ్దం మొదటికి మొత్తం ఆల్ప్స్‌లో వంద కూడా మిగల్లేదు. ఆ మిగిలినవి ఇటలీలోని గ్రాన్ పారడీసో కొండల్లో ఉన్నాయి.

1821లో అప్పటి సార్డీనియా రాజు చార్లెస్ ఫెలిక్స్ వేట నిషేధించాడు. 1856లో రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఆ కొండల్ని తన సొంత వేట కోసం ప్రత్యేకించుకుని, స్థానికుల్నే కాపలాదార్లుగా పెట్టుకున్నాడు. అంటే ఈ జాతిని కాపాడింది జాలి కాదు, తనకు తప్ప ఇంకెవరికీ దక్కకూడదన్న ఒక రాజు పంతం. దగ్గరలోని సార్ కోట గోడల మీద వరుసలు వరుసలుగా అలంకరించిన కొమ్ముల్ని ఇప్పటికీ చూడొచ్చు. ఆ గోడలు చూస్తే సంతోషించాలో ఏడవాలో తెలియదు. అతని మనవడు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ దాన్ని ప్రభుత్వానికి ఇచ్చేయడంతో 1922లో అది ఇటలీ తొలి జాతీయ ఉద్యానంగా మారింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి మళ్లీ దాదాపు 400కు పడిపోయాయి.

స్విట్జర్లాండ్‌లో అప్పటికే ఒక్కటీ లేదు. ఇవ్వమంటే ఇటలీ రాజు ఇవ్వలేదు. 1906లో పిల్లల్ని దొంగచాటుగా సరిహద్దు దాటించి సెయింట్ గాలెన్‌లోని జంతు ఉద్యానానికి చేర్చారు. వాటి సంతానాన్ని 1911లో కొండల్లోకి వదిలారు. ఇవాళ ఆల్ప్స్ అంతటా 50 వేలకు పైగా ఐబెక్స్‌లు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో 1970ల చివరి నుంచి లెక్క ప్రకారం వేటకు అనుమతి కూడా ఉంది. చింజీనో గోడ ఎక్కే తల్లి మొదలు గ్రావుబ్యూండెన్ పోతు దాకా అన్నీ ఆ వందలోపు మేకల వారసులే.

2000లో చివరిది చనిపోయి, 2003లో క్లోనింగ్‌తో పుట్టి నిమిషాల్లోనే కన్నుమూసిన అడవిమేక కథ విని, అది ఇదే అనుకుంటారు కొందరు. అది పిరనీస్ కొండలది, స్పెయిన్ ఐబెక్స్‌లో ఒక ఉపజాతి. దాని కథ వేరు.

వందలోపు నుంచి యాభై వేలు: ఏం పోయింది?

సంఖ్య తిరిగొచ్చింది, వైవిధ్యం తిరిగిరాలేదు. దగ్గరి చుట్టాల మధ్యే జతలు కుదిరితే చెడ్డ జన్యువులు బయటపడతాయి. 2020లో జన్యువులన్నీ చదివి చూస్తే రెండు రకాల ఫలితం కనిపించింది. ప్రాణం తీసేంత చెడ్డ మార్పులు చాలా వరకు ఏరివేతకు గురయ్యాయి. వాటిని మోసిన మేకలు మిగల్లేదు మరి. కొంచెం కొంచెం చెరుపు చేసే మార్పులు మాత్రం పోగుపడ్డాయి. చిల్లర అప్పుల్లా అవి ఎవరినీ చంపవు, అందుకే తీరనూ తీరవు. రోగాలను గుర్తుపట్టే జన్యువుల్లో ఒక ముక్క ఇంటి మేకల నుంచి వచ్చిందని 2014లో తేలడం ఇంకో విశేషం. ఎప్పుడో ఏదో మందలో కలిసిన ఒక ఇంటి మేక, తనకు తెలియకుండానే అడవి చుట్టాలకు కాస్త వైవిధ్యం అరువిచ్చింది.

అలాగని కొత్త నెత్తురు ఎక్కడి నుంచైనా తెచ్చి కలిపేయొచ్చా? స్లొవేకియాలోని టాట్రా కొండల్లో ఆ పని చేశారు. ఆల్ప్స్ ఐబెక్స్‌ల మధ్యకు టర్కీ, సినాయ్ ప్రాంతాల అడవిమేకల్ని వదిలారు. సంకర పిల్లలు పెరిగాయి గానీ వాటి ఎద కాలం ముందుకు జరిగిపోయింది. మేలో పుట్టాల్సిన పిల్లలు ఫిబ్రవరి గడ్డు చలిలో పుట్టి చచ్చాయి. మంద అంతరించింది. డిసెంబరులో జత కట్టి, దాదాపు అయిదున్నర నెలలు మోసి, గడ్డి మొలిచే వేళకు ఈనడం అన్నది ఎంత సన్నటి తీగ మీద నడకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ తీగ ఇప్పుడు ఇంకో వైపు నుంచి ఊగుతోంది. గ్రాన్ పారడీసోలో 1990ల మొదట్లో దాదాపు అయిదు వేల దాకా పెరిగిన ఐబెక్స్‌లు ఆ తరవాత మూడు వేల లోపుకు తగ్గాయి. పెద్దవి బాగానే బతుకుతున్నా పిల్లలు మొదటి ఏడాది దాటడం తగ్గింది. వసంతంలో కొండ కింది నుంచి పైకి మెల్లమెల్లగా పచ్చబడితే తల్లికి చాలా వారాల పాటు లేత గడ్డి దొరుకుతూ ఉంటుంది. మంచు తొందరగా కరిగి అంతా ఒక్కసారిగా పచ్చబడితే, ఒక్కసారిగా ముదిరిపోతుంది కూడా. పాలు బలంగా కావాల్సిన సమయానికి గడ్డి పీచు అయిపోతుంది. పిల్లలు తగ్గిపోవడానికి పరిశోధకులు చూపే కారణాల్లో ఇదొకటి.

పోతు బాధ వేరు. చలికి కట్టిన ఆ ఒళ్లు ఎండకు తట్టుకోలేదు. వేసవి పగలు 15 నుంచి 20 డిగ్రీలు దాటితే పెద్ద పోతులు మేయడం తగ్గించి పైకి, చల్లని చోటికి ఎక్కుతాయి. అక్కడ చల్లగానే ఉంటుంది, గడ్డే పల్చన. చలికాలానికి కొవ్వు పోగేసుకోవాల్సిన రోజులు అలా పోతాయి. మెడలో పట్టీలు కట్టి పదేళ్లకు పైగా గమనించిన ఐబెక్స్‌ల కదలికలు 2024లో అచ్చయ్యాయి. వేడి రోజుల్లో అవి పగటి మేత తగ్గించి రాత్రి పూట తిరుగుతున్నాయి. చరియ మీద కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని నడిచే పగటి జంతువు ఇది. తోడేళ్లు తిరిగొచ్చిన కొండల్లో కూడా ఇవి రాత్రి మేతకే బయల్దేరుతున్నాయి. తోడేలు బయటికొచ్చేదీ ఆ వేళకే.